గేటు అక్కడ... పొలం ఇక్కడ

జూలై నెలలో కాలవ గట్టు మీదకొచ్చి పడమటి వైపు చూడని రైతు ఎల్లెల్సీ కింద ఎవరూ ఉండరు. ముంగారి వాన రెండు పదునులు పడి ఉంటుంది. విత్తనాలు తెచ్చి ఇంట్లో పెట్టుకుని ఉంటారు. వాటి కోసం చేసిన అప్పు కూడా ఇంట్లోనే ఉంటుంది. కాలవలో మాత్రం పోయినేటి బురద పెళ్లలు, సర్కారు తుమ్మ కొమ్మలు. "నీళ్లెప్పుడొస్తాయప్పా?" అని లస్కరును అడుగుతారు. ఆయన ఏ.ఈ. గారిని అడగమంటాడు. ఏ.ఈ. గారు "బోర్డు వాళ్లు వదలాలి కదా" అంటారు. ఆ బోర్డు ఎక్కడుంది, అందులో ఎవరుంటారు, మనకెన్ని నీళ్లు రావాలని ఏ కాగితంలో రాసుంది అన్నది మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు.

చెప్పకపోతే నష్టం మీకే. నీళ్ల తగాదా అనగానే ముఖ్యమంత్రులు, ఢిల్లీ, ట్రిబ్యునళ్లు అనుకుని పేపరు పక్కన పెట్టేస్తాం. తీరా చూస్తే ఆ తగాదా వచ్చి ఆగేది మీ నారుమడి దగ్గరే. అందుకే ఈ వారం ఎరువుల సంగతి, పురుగు మందుల సంగతి పక్కన పెట్టి తుంగభద్ర నీళ్ల పంపకం గురించి మాట్లాడుకుందాం. పక్క పక్క రాష్ట్రాలు, పక్క పక్క దేశాలు ఒక నదిని పంచుకోవడంలో ఎక్కడ చెడుతుంది, ఎక్కడ కుదురుతుంది అన్నది కూడా ఇందులోనే తెలుస్తుంది.

బోర్డు ఎట్లా పుట్టింది?

తుంగభద్ర డ్యామ్ కట్టాలనుకున్న రోజుల్లో కర్ణాటక రాష్ట్రం లేదు, ఆంధ్ర రాష్ట్రం లేదు, తెలంగాణ అసలే లేదు. నదికి ఎడమ గట్టు నిజాం హైదరాబాద్ సంస్థానానిది. కుడి గట్టు మద్రాసు ప్రెసిడెన్సీది. ఎగువన మైసూరు సంస్థానం. 1944లో మద్రాసు, హైదరాబాద్ కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. డ్యామ్‌లో చెరి 65 టి.ఎం.సి.లు వాడుకోవాలని లెక్క. మైసూరుతోనూ మద్రాసు ఆ ఏడాదే వేరే ఒప్పందం చేసుకుంది. 1945లో హోస్పేట దగ్గర శంకుస్థాపన జరిగింది. 1953 నాటికి నీళ్లు నిలిపారు.

సరిగ్గా అప్పుడే దేశపటం మీద గీతలు మారాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చాయి. హోస్పేట, దాంతోపాటు డ్యామ్, మైసూరుకు పోయాయి. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని విడగొట్టినప్పుడు రాయచూరు కూడా అటే పోయింది. అంటే కుడి గట్టు, ఎడమ గట్టు, గేట్లు, కాలవల తలకాయలు అన్నీ ఒక రాష్ట్రంలో పడ్డాయి. కాలవ తోకలు మాత్రం మన దగ్గర మిగిలాయి.

ఇట్లా అవుతుందని ముందే ఊహించి, ఆంధ్ర రాష్ట్ర చట్టంలోనే ఒక ఏర్పాటు పెట్టారు. దాని కింద పుట్టిందే తుంగభద్ర బోర్డు. అధ్యక్షుణ్ణి కేంద్రం వేస్తుంది. రాష్ట్రాల తరఫున సభ్యులు ఉంటారు. 2014 తర్వాత తెలంగాణకు కూడా అందులో చోటు వచ్చింది. కుడి వైపు ఎగువ కాలవ, దిగువ కాలవ ఉమ్మడిగా నడిచినంత మేర బోర్డు అజమాయిషీలోనే ఉంటాయి. మన ఎల్లెల్సీలో సుమారు 250 కిలోమీటర్ల దాకా ఇదే పరిస్థితి. ఆ దూరంలో ఎక్కువ భాగం కర్ణాటక నేల మీదే నడుస్తుంది. ఆ తర్వాతే పూర్తిగా మన ఇంజినీర్ల చేతికి వస్తుంది.

ఇల్లు పంచుకున్న అన్నదమ్ములకు ఒకే బావి మిగిలితే, ఊరి పెద్ద ఒకాయన బావి తాళం తన దగ్గర పెట్టుకున్నట్టు అనుకోండి. ఏర్పాటు మంచిదే. కానీ బావి ఒక తమ్ముడి పెరట్లో ఉంది.

మన వాటా ఎంత?

కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు చెప్పింది, 1976లో గెజిట్లో వచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటక, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వాటాలు తేల్చింది అదే. తుంగభద్ర కృష్ణకు ఉపనది కాబట్టి దీని లెక్కా అందులోనే ఉంది. డ్యామ్ నుంచి 230 టి.ఎం.సి.లు అనుకున్నారు. అందులో 18 టి.ఎం.సి.లు ఎండకు ఆవిరయ్యే నీళ్లు. మిగిలిన 212 టి.ఎం.సి.ల్లో కర్ణాటకకు 138.99, ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 66.5, తెలంగాణకు 6.51.

మన 66.5లో అనంతపురం వైపు పోయే ఎగువ కాలవకు 32.5, దిగువ కాలవకు అంటే ఎల్లెల్సీకి 24, కె.సి. కెనాల్‌కు ఆసరాగా 10. ఎల్లెల్సీ కింద మన జిల్లాలో లక్షన్నర ఎకరాల ఆయకట్టు ఉంది. ఆదోని, కౌతాళం, మంత్రాలయం, ఎమ్మిగనూరు, కోడుమూరు దాకా.

టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఈ మాట వింటే కళ్లు తిరగడం తప్ప ఉపయోగం లేదు. ఇట్లా గుర్తు పెట్టుకోండి. ఒక క్యూసెక్కు నీళ్లు పగలూ రాత్రీ ఆగకుండా ఒక రోజు పారితే రెండెకరాల్లో అడుగు లోతు నిలుస్తాయి. సుమారు 11,570 క్యూసెక్కులు ఒక రోజు పారితే ఒక టి.ఎం.సి. అవుతుంది. ఒక టి.ఎం.సి.తో వరి అయితే ఉజ్జాయింపుగా ఆరు వేల ఎకరాలు, ఆరుతడి పంటలైతే పది వేల ఎకరాలు పండుతాయని ఇంజినీర్లు లెక్కేస్తారు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి మీకు. డ్యామ్‌లో పట్టేవే నూరు చిల్లర టి.ఎం.సి.లు కదా, 212 ఎట్లా పంచుతారు? వానాకాలంలో పైనుంచి వస్తూనే ఉంటాయి, కాలవలకు వదులుతూనే ఉంటారు. కడవ నిండేలోపే ముంచుకుంటున్నట్టు. కానీ కడవే చిన్నదవుతోంది. కట్టిన రోజు డ్యామ్‌లో సుమారు 133 టి.ఎం.సి.లు పట్టేవి. పూడిక పేరుకుపోయి తర్వాతి సర్వేల్లో 105 టి.ఎం.సి.ల పైచిలుకే తేలింది. 27 టి.ఎం.సి.ల జాగా మట్టిపాలైంది. మన ఎల్లెల్సీ వాటా కన్నా ఎక్కువ నీళ్లు పట్టే జాగాలో ఇప్పుడు మట్టి ఉందన్నమాట. ఆ మేరకు వరద రోజుల్లో నీళ్లు గేట్ల మీదుగా నదిలోకి పోతాయి. నవిలె దగ్గర ఇంకో జలాశయం కట్టుకుంటామని కర్ణాటక అంటోంది. ఎగువ కాలవ పక్కన వరద నీటికి సమాంతర కాలవ కావాలని మనవాళ్లు అంటున్నారు. మాటలు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. మట్టి మాత్రం ఏ కమిటీ కోసమూ ఆగదు.

అందుకే బోర్డు ప్రతి సీజను ముందు, ఈ ఏడు ఎన్ని నీళ్లు రావచ్చని ఒక అంచనా పట్టిక వేస్తుంది. 212కు తక్కువ వస్తాయనుకుంటే అందరికీ అదే పాళ్లలో కోత పడుతుంది. ఉదాహరణకు 170 టి.ఎం.సి.లే వస్తాయని అంచనా వేశారనుకుందాం. అప్పుడు ఎల్లెల్సీకి 24 కాదు, 19 చిల్లరే. తగ్గిన ఐదు టి.ఎం.సి.లంటే ఆరుతడి లెక్కన యాభై వేల ఎకరాల నీళ్లు. ఆ కోత కాలవ మొదట్లో ఉన్నవాళ్లకు తెలియదు. చివర ఉన్నవాళ్లకే తెలుస్తుంది. "నీళ్లు తక్కువొచ్చాయి" అని కాదు, "నీళ్లే రాలేదు" అని.

19వ నంబరు గేటు

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి. డ్యామ్ నిండు గర్భిణిలా ఉంది. 33 గేట్లలో 19వ గేటు చెయిను తెగింది. గేటు కొట్టుకుపోయింది. ఒక్క గేటు దగ్గరే నీళ్లన్నీ దూకుతుంటే కట్టడం మీద ఒత్తిడి తగ్గించడానికి మిగిలిన గేట్లు కూడా ఎత్తారు. తెల్లారేసరికి కౌతాళం నుంచి కర్నూలు దాకా నది ఒడ్డు ఊళ్లలో దండోరా. కర్ణాటక రైతు, ఆంధ్ర రైతు, తెలంగాణ రైతు ముగ్గురూ ఒకే రాత్రి ఒకే బెంగతో టీవీల ముందు కూర్చున్నది నాకు తెలిసి అదే మొదటిసారి.

ఆ వారం జరిగింది గమనించదగ్గ సంగతి. పారే నీళ్లలోనే గేటు జాగాలో ఇనుప పలకలు ఒకదాని మీద ఒకటి దించి అడ్డం కట్టారు. ఆ పని దగ్గరుండి నడిపించింది గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు, తెలుగువాడే. వారం తిరిగేసరికి నీళ్లు ఆగాయి. ఈలోగా పోయినవి పదుల టి.ఎం.సి.లు. అదృష్టం బాగుండి తర్వాత వానలు కలిసొచ్చాయి, డ్యామ్ మళ్లీ నిండింది. లేకపోతే ఆ ఏడు మూడు రాష్ట్రాల రైతులూ మునిగేవాళ్లు.

ఆ వారంలో "ఈ గేటు ఎవరిది" అని ఎవరూ తగువు పెట్టుకోలేదు. గేటు ఆగాక మాత్రం "ఎవరు చూసుకోవాల్సింది" అన్న తగువు మొదలైంది. డెబ్భై ఏళ్ల నాటి గేట్లు, చెయిన్లు. ఉమ్మడి ఎద్దుకు ఎవరూ నూనె తాగించరని మన పెద్దలు అనేవాళ్లు. దాని ఫలితం 2025 ముంగారులో కనబడింది. గేట్ల మీద నమ్మకం చాలక డ్యామ్‌లో నీటిని 80 టి.ఎం.సి.ల దగ్గరే ఆపారు. గేట్లన్నీ మార్చే పని కోసం ఆ ఏడు రెండో పంటకు నీళ్లు లేవన్నారు. పంపకం కాగితాల్లో వాటా తగ్గలేదు. పొలంలో తగ్గింది.

దేశ భద్రత, ప్రాంతీయ భద్రత అని పెద్ద మాటలు వింటుంటాం. సరిహద్దులో తుపాకి ఎట్లాంటిదో, ఉమ్మడి డ్యామ్ మీద గేటు చెయిను కూడా అట్లాంటిదే. తుప్పు పడితే అందరికీ ముప్పే.

ఒక కాలవ, మూడు రాష్ట్రాలు

డ్యామ్ కింద ఇంకో ముడి ఉంది. రాజోలిబండ. ఆనకట్ట తుంగభద్ర మీద రాయచూరు జిల్లా దగ్గర ఉంది. కాలవ పొడవు 143 కిలోమీటర్లు. అందులో మొదటి 42 కిలోమీటర్ల పైచిలుకు కర్ణాటకలో ఉంది. అక్కడి ఆయకట్టు ఆరు వేల ఎకరాల లోపే. మిగిలిన కాలవ, 87,500 ఎకరాల ఆయకట్టు, తెలంగాణలో అలంపూర్, గద్వాల వైపు ఉన్నాయి. తెలంగాణకు బచావత్ ఇచ్చింది 15.9 టి.ఎం.సి.లు. చివరి పొలాలకు ఆ నీళ్లు సరిగ్గా చేరిన ఏడు ఎప్పుడని అలంపూర్ రైతును అడిగితే ముందు నవ్వుతాడు.

ఆనకట్టను బాగు చేయాలి, ఆరు అంగుళాలు ఎత్తు పెంచాలి అని తెలంగాణ రైతుల కోరిక. ఆరు అంగుళాలు. మన జానెడు కూడా లేదు. ఆ ఆరు అంగుళాలు పెరిగితే కిందికి వచ్చే నీళ్లు తగ్గి, సుంకేసులకు, కె.సి. కెనాల్‌కు కష్టమని కర్నూలు రైతుల భయం. సుంకేసుల బ్యారేజీలో పట్టేదే 1.2 టి.ఎం.సి. పైనుంచి వస్తూ ఉంటేనే కె.సి. బతుకుతుంది. 1860లలో ఇంగ్లీషు కంపెనీ సాగుకూ పడవలకూ కలిపి తవ్విన కాలవ అది. గిట్టుబాటు కాక 1882లో సర్కారుకు అమ్మేసింది. పొలాలు మాత్రం మిగిలాయి.

అలంపూర్ రైతు అబద్ధం చెప్పడం లేదు. కర్నూలు రైతూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరి మధ్య నది దాటితే అయిదు నిమిషాల దూరం. పెళ్లిళ్లు ఇటూ అటూ జరుగుతాయి. ఆనకట్ట దగ్గరకు వచ్చేసరికి రెండు పక్కలా పోలీసులు నిలబడాల్సిన రోజులొచ్చాయి. చివరకు 2018లో తెలంగాణ తుమ్మిళ్ల దగ్గర ఎత్తిపోతల పెట్టి ఆర్డీఎస్ చివరి పొలాలకు నీళ్లు ఎత్తిపోయడం మొదలుపెట్టింది. కరెంటు ఖర్చు పెట్టి, పక్కన పారాల్సిన నీళ్లను నదిలోంచి తోడుకోవడం. తగాదా తీరకపోతే అయ్యే ఖర్చు ఇట్లా ఉంటుంది.

పైనోళ్లు ఎవరు?

"పైనోళ్లు మన నీళ్లు తాగేస్తున్నారు" అని మనం రోజూ అంటాం. నేనూ రాశాను చాలాసార్లు. ఒకసారి గంగావతి, సింధనూరు వైపు వెళ్లి చూడండి. తుంగభద్ర ఎడమ కాలవ కింద కనుచూపు మేరా వరి. ఊళ్ల పక్కన "క్యాంపులు" అని ఉంటాయి. అక్కడ హోటల్లో పెసరట్టు దొరుకుతుంది. డ్యామ్ వచ్చిన కొత్తల్లో గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వెళ్లి పొలాలు కొనుక్కుని స్థిరపడిన మన తెలుగువాళ్ల ఊళ్లు అవి. వరి సాగు అక్కడ నిలబెట్టిన వాళ్లలో వాళ్లు ముందు వరస.

అసలీ ప్రాజెక్టు వరి కోసం కట్టింది కాదు. ఎక్కువ పొలాలకు కొంచెం కొంచెం నీళ్లిచ్చి కరువు నుంచి కాపాడాలని, జొన్న, వేరుశనగ, పత్తి లాంటి ఆరుతడి పంటలకని గీసిన పథకం. కాలవ మొదట్లో ఉన్నవాళ్లు వరికి దిగారు. నీళ్లు కళ్ల ముందు పారుతుంటే ఎవరు మాత్రం జొన్న వేస్తారు? దాంతో చివర ఎండింది. ఇది కర్ణాటకలోనే జరిగిందనుకుంటే పొరపాటు. మన ఎల్లెల్సీలోనూ ఇదే కథ. మొదటి తూముల దగ్గర వరి, గట్టు మీద మోటార్లు, కాలవలో పైపులు. చివరి ఊళ్లలో పశువులకు తాగడానికి కూడా చుక్క ఉండదు. కాలవ గట్ల వెంట 144వ సెక్షన్ పెట్టి, పోలీసులను తిప్పి కిందికి నీళ్లు పంపాల్సి వచ్చిన సీజన్లు కర్ణాటక జిల్లాల్లో ఉన్నాయి.

కాబట్టి రాష్ట్రం గీత దగ్గర ఒక తగాదా, ఊరి గీత దగ్గర ఇంకో తగాదా. మొదటి దాని గురించి ఎన్నికల్లో మాట్లాడతారు. రెండో దాని గురించి మాట్లాడితే ఓట్లు పోతాయి.

డ్యామ్ మీద రెండు పోలీసులు

పంపకం తేలకపోతే ఏమవుతుందో నాగార్జునసాగర్ చూపించింది. 2014లో రాష్ట్రం రెండయింది. 811 టి.ఎం.సి.ల ఉమ్మడి వాటాను 2015లో తాత్కాలికంగా 512 ఆంధ్రకు, 299 తెలంగాణకు అనుకున్నారు. తాత్కాలికం అన్నది ఏళ్లు గడిచినా తేలలేదు. తెలంగాణ ఒప్పుకోలేదు, సగం కావాలంది. 2023 అక్టోబరులో ఆ పంపకం తేల్చే పని కేంద్రం బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది.

ఈ మధ్యలో ఏం జరిగిందో చూడండి. 2015 ఫిబ్రవరిలో కుడి కాలవ నీళ్ల కోసం సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు, ఇంజినీర్లు తోసుకున్నారు. 2021 వేసవి చివర్లో శ్రీశైలంలో తెలంగాణ కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టేసరికి శ్రీశైలం, సాగర్, పులిచింతల మూడు చోట్లా పోలీసు పహరాలు. 2023 నవంబరు 30, తెలంగాణలో ఓట్ల రోజు. తెల్లవారుజామున ఆంధ్ర పోలీసులు డ్యామ్ మీదకు వచ్చి 26 గేట్లలో 13 తమ అధీనంలోకి తీసుకున్నారు, కుడి కాలవకు నీళ్లు వదిలారు. చివరకు కేంద్రం జోక్యం చేసుకుని సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లను డ్యామ్ మీద పెట్టింది. ఒకే భాష మాట్లాడే, తొమ్మిదేళ్ల కిందట ఒకే యూనిఫాం వేసుకున్న పోలీసులు ముళ్లకంచె వేసి ఎదురెదురుగా నిలబడ్డారు.

కావేరి దగ్గర ఇంతకన్నా ఘోరం జరిగింది. 1991 చివర్లో మధ్యంతర ఉత్తర్వులు వచ్చినప్పుడు, మళ్లీ 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు నీళ్లు వదలమన్నప్పుడు బెంగళూరు తగలబడింది. బస్సులు కాలాయి, ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లలో కావేరి కింద పొలం ఉన్నవాళ్లు ఎందరో నాకైతే అనుమానమే.

రెండు దేశాల మధ్య

రాష్ట్రాల మధ్యే ఇట్లా ఉంటే దేశాల మధ్య ఎట్లా ఉంటుంది? సింధు నది కథ కొంచెం చెప్పుకోవాలి. దేశం విడిపోయినప్పుడు కాలవల తలకాయలు మన వైపు, పొలాలు పాకిస్తాన్ వైపు పడ్డాయి. మన తుంగభద్ర కథే, ఇంకొంచెం పెద్దది. పాత ఏర్పాటు గడువు అయిపోగానే 1948 ఏప్రిల్ 1న తూర్పు పంజాబ్ ఆ కాలవలకు నీళ్లు ఆపేసింది. విత్తే రోజులు. మే 4న ఢిల్లీలో ఒప్పందం కుదిరాకగాని దారి దొరకలేదు. తర్వాత ప్రపంచ బ్యాంకు మధ్యలోకి వచ్చి ఏళ్ల తరబడి బేరాలు నడిపి, 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్‌ఖాన్ సంతకాలు చేశారు. రావి, బియాస్, సట్లెజ్ మనకు. సింధు, జీలం, చీనాబ్ ముఖ్యంగా వాళ్లకు. నీళ్లు పంచలేదు, నదులనే పంచేశారు.

1965లో యుద్ధం, 1971లో యుద్ధం, 1999లో కార్గిల్. ఒప్పందం మాత్రం ఆగలేదు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టన పెట్టుకున్నాక, మర్నాడే భారత ప్రభుత్వం ఒప్పందాన్ని నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. అరవై అయిదేళ్లలో అది మొదటిసారి. ఒక సంగతి గుర్తుంచుకోండి. కాగితం మీద ఆపడం వేరు, నదిని ఆపడం వేరు. పడమటి నదుల మీద పెద్దగా నీళ్లు నిలబెట్టే డ్యాములు మనకు లేవు. అవి కట్టడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా ఎప్పుడు ఎన్ని వస్తాయన్న కబురు అందక ఇబ్బంది పడేది ఎవరంటే, అవతలి పంజాబులో కాలవ చివర గోధుమ, పత్తి వేసుకునే చిన్న రైతు. యుద్ధం నిర్ణయం ఆయన్ను అడిగి చేయలేదు.

నేను రాసిన ఒక వార్త

ఇంత చెప్పాను కాబట్టి నా తప్పు కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ఆఫీసు నుంచి నోట్ వచ్చింది, ఫలానా తేదీ నుంచి కాలవకు నీళ్లని. నేను అట్లాగే రాసేశాను. "చివరి ఆయకట్టుకూ నీరు" అని పైన పెద్ద అక్షరాలు. కాలవ చివర ఊళ్లో ఒక రైతు, రెండున్నర ఎకరాల మనిషి, ఆ పేపరు చూసి బోరు నీళ్లతో నారు పోశాడు. తేదీకి నీళ్లు వదిలిన మాట నిజమే. అక్కడెక్కడో వదిలారు. ఆయన తూము దగ్గరికి రాలేదు. నారు ముదిరింది, ఎండింది. ఒకరోజు గుడ్డలో చుట్టి ఆ నారు కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఏమీ అనలేదు. "చూడండి సార్" అన్నాడు అంతే.

అప్పటి నుంచి తేదీ ఒక్కటే రాయడం మానేశాను. మీరు కూడా తేదీ ఒక్కటే చూసుకుని విత్తనం బయటికి తీయకండి. మొదట డ్యామ్ మట్టం అడగండి. నిండు మట్టం 1633 అడుగులు. రోజూ ఎన్ని క్యూసెక్కులు లోపలికి వస్తున్నాయో, ఎన్ని పోతున్నాయో పేపర్లోనే వేస్తాం, మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. బోర్డు అంచనా పట్టికలో ఈ ఏడు ఎల్లెల్సీకి ఎన్ని టి.ఎం.సి.లు వేశారో నీటి సంఘం అధ్యక్షుణ్ణి అడగండి. ఆయనకు తెలియకపోతే ఏ.ఈ. ఆఫీసులో కనుక్కుని రమ్మనండి. అందుకే కదా ఓట్లేసి గెలిపించుకున్నది. ఇంజినీర్లు ఇండెంటు పెట్టిందెంత, 250వ కిలోమీటరు దగ్గర అందుతున్నదెంత అని రెండు అంకెలు పక్క పక్కన రాసి ఇమ్మనండి. మన వాటాగా ఏడు వందల పైచిలుకు క్యూసెక్కులు అక్కడికి రావాలి. నాలుగు వందలే వస్తుంటే చివరి తూములకు రావని అప్పుడే అర్థమైపోతుంది. అప్పుడు వరి మానేసి శనగో, కొర్రో, ఆముదమో చూసుకోవడానికి పదును మిగిలి ఉంటుంది.

అర్జీ పెట్టేటప్పుడు "నీళ్లు ఇప్పించండి" అని ఊరికే రాయొద్దు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా డిస్ట్రిబ్యూటరీ, ఫలానా తూము దగ్గర నీళ్లు రాలేదని రాసి, పది మంది సంతకాలు పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. బోర్డు సమావేశాల్లో మన ఇంజినీర్లు గట్టిగా మాట్లాడాలంటే వాళ్ల చేతిలో ఇట్లాంటి కాగితాలే ఉండాలి. కర్ణాటక వాళ్లు వచ్చేది లెక్కలతోనే.

మోటార్ల సంగతి మాత్రం ఊళ్లోనే మాట్లాడుకోవాలి. రాత్రిపూట గట్టు కాపలాకు పై ఊరి వాళ్లు ఇద్దరు, కింది ఊరి వాళ్లు ఇద్దరు కలిసి తిరిగిన చోట కిందికి నీళ్లు పోయాయి. కింది ఊరి వాళ్లు మాత్రమే కట్టెలు పట్టుకుని వెళ్లిన చోట కేసులు పడ్డాయి. ఆ కేసులకు ఆదోని కోర్టు చుట్టూ తిరిగిన వాళ్లు మీలోనే ఉన్నారు, నేను చెప్పక్కర్లేదు.

ఆ రెండున్నర ఎకరాల రైతు పోయిన ముంగారులో మళ్లీ ఫోన్ చేశాడు. "పేపర్లో ఏం రాశారని కాదు సార్, డ్యామ్‌లో ఎన్ని అడుగులున్నాయో చెప్పండి" అన్నాడు. చెప్పాను. ఎన్ని నీళ్లు పైనుంచి వస్తున్నాయి, కాలవకు ఎన్ని వదులుతున్నారు అని ఆయనే వరసగా అడిగాడు. అన్నీ చెప్పాక కాసేపు మాట్లాడలేదు. లోపల లెక్క వేసుకుంటున్నట్టున్నాడు. "అయితే ఈసారి కొర్ర వేస్తా" అని పెట్టేశాడు.